రెండు ఖాళీల మధ్య ఇనుము

పందొమ్మిదో ఏడు, 141వ రోజు

కంప్యూటర్‌లో ఈ రోజు కూడా మార్చి పద్నాలుగే. పొద్దున్న రాగానే తేదీ వెనక్కి తిప్పి, మోడల్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. లైసెన్సు గడువు పదిహేనుతో అయిపోతుంది కాబట్టి నా బల్ల మీదికి పదిహేనో తేదీ ఎప్పటికీ రాదు. ఆ లైసెన్సు అమ్మిన కంపెనీ ఏ సముద్రం అడుగున ఉందో ఎవరికీ తెలియదు. అది పెట్టిన గడువు మాత్రం చావలేదు.

నేను చేసిన ప్రతి ఫైలు మీదా ఒకటే తేదీ పడుతుంది. అందుకని గట్టు సంఘం మోడల్ గీసే మా ఇద్దరికీ చెరొక కాగితపు పుస్తకం ఇచ్చింది. ఏ పని ఏ రోజు చేశామో ఇందులో రాయాలి. గట్టు మూసి సముద్రాన్ని బయట నిలబెట్టిన రోజు నుంచి ఇక్కడి లెక్క.

ఈ రోజు పని: పంపు ఇంజిన్ హెడ్, అంటే ఇంజిన్ మీద మూతలా కూర్చునే ఇనుప దిమ్మ, అందులో గాలి లోపలికి వెళ్ళే పోర్టు. ఈ ఏడు గట్టు కింద ఊట ఎక్కువైంది. ఉన్న తొమ్మిది పంపులూ ఇప్పుడు తోడేదానికన్నా ఎనిమిదో వంతు ఎక్కువ తోడాలని వర్క్‌షాపు పెద్ద పెద్దిరాజు గారు చెప్పారు. పెద్ద ఇంజిన్ పోత పోసేంత ఇనుము లేదు. ఉన్న ఇంజినే ఎక్కువ గాలి పీల్చాలి. అంటే పోర్టు పెంచాలి, దానికి తగ్గట్టు నూనె మండే గది ఆకారం సరిచెయ్యాలి. ముందు నాలుగు హెడ్లు, అవి బాగుంటే మిగతావి.

పాత హెడ్ పోర్టులో రబ్బరు పోసి, గట్టిపడ్డాక లాగితే బొటనవేలు లోపలికి మడిచిన పిడికిలిలా ఒక ముద్ద వస్తుంది. దాన్ని స్కాన్ చేస్తే తెర మీద వచ్చే చుక్కల మీద సర్ఫేసులు పరిచి, నునుపు చేస్తాను. పదహారేళ్ళుగా ఇదే పని. మేం గీసేది ఇనుమును కాదు, ఇనుము లేని చోటును. గాలి దారి నాది. దాని చుట్టూ చల్లదనానికి తిరిగే నీళ్ళ దారి సుభానీది. ఎదుటి బల్ల దగ్గర కూర్చుని అతను తన ఖాళీ గీస్తాడు, నా బల్ల దగ్గర నేను నా ఖాళీ గీస్తాను. రెండు ఖాళీల మధ్య మిగిలిందే ఇనుము. దానికి ఫైలు లేదు.

రెండూ ఒకే తెర మీద కలిపి చూడొచ్చు కదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. సుభానీ కంప్యూటర్ లైసెన్సు వేరు, అందులో ఎప్పుడూ ఏప్రిల్ రెండు. ఏప్రిల్‌లో పుట్టిన ఫైలును మార్చిలో తెరిస్తే సాఫ్ట్‌వేర్ మోసం పసిగట్టి తాళం వేసుకుంటుంది. మూడో కంప్యూటర్ అలాగే పోయింది. దాని మీద ఇప్పుడు సుభానీ టీ గ్లాసు పెడతాడు.

149వ రోజు

పోర్టు పైకప్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు లేపాను. లెక్క ప్రకారం గాలి చాలినంత పెరిగింది.

మధ్యాహ్నం కిటికీ చూపు. కలిపి చూసుకోవడానికి మాకున్నది అదొక్కటే. హెడ్‌ను మూడు చోట్ల అడ్డంగా కోసినట్టు ఊహించుకుని, ఆ మూడు కోతలూ నేను పారదర్శక కాగితం మీద గీస్తాను, సుభానీ గీస్తాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తే, వెలుతుర్లో నా గీతకీ అతని గీతకీ మధ్య గోడ కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలుస్తాం. అయిదు మిల్లీమీటర్లుంటే మంచిది, నాలుగుకు తగ్గకూడదు.

మొదటి కోత దగ్గర అయిదు. రెండో దగ్గర నాలుగున్నర. మూడో దగ్గర అయిదు.

రెండో కోతకీ మూడో కోతకీ మధ్య పోర్టు మెడ తిరుగుతుంది. నేను ఎక్కువ లేపింది అక్కడే. అక్కడ నువ్వేమైనా మార్చావా అని సుభానీని అడిగాను. ఇంజిన్ ఎక్కువ పని చేస్తే ఎక్కువ వేడెక్కుతుంది కదా, అందుకని నీళ్ళ దారి కొంచెం వెడల్పు చేశానన్నాడు. ఎంత అన్నాను. కొంచెమే అన్నాడు. నాలుగో కోత గీద్దామన్నాను.

అప్పటికే పెద్దిరాజు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. పోత పోసే ఆచారి కొలిమి రాజేశాడట. పారదర్శక కాగితాలు పదకొండే మిగిలాయి, ఇంకో హెడ్‌కు కావాలి. సుభానీ నవ్వాడు.

“అక్కకి అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి మూడు మెతుకులు చాలవండి, గిన్నెంతా పిసకాలి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక్కడ నా అనుమానాలు అందరికీ తెలిసినవే. తాళం వేశానా లేదా అని సగం దారి వెనక్కి వెళ్ళే మనిషిని. పదిసార్లలో తొమ్మిదిసార్లు తాళం వేసే ఉంటుంది. అందుకని ఈసారి నన్ను నేను మందలించుకుని సంతకం పెట్టాను.

178వ రోజు

మొదటి హెడ్ ఆరో పంపుకు బిగించారు. మిగతా మూడూ మూడో పంపుకీ ఎనిమిదికీ తొమ్మిదికీ వెళ్ళాయి.

ఆరో పంపు నడిపేది నూకరత్నం. నా వయసే ఉంటుంది. పదకొండేళ్ళుగా అదే పంపు. ఇంజిన్ మొదలుపెట్టాక అరచెయ్యి దాని పక్కన ఆనించి, డాక్టరు పిల్లాడి వీపు మీద చెయ్యి వేసినట్టు కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఈ రోజు కళ్ళు తెరిచి, గొంతు మారిందండీ అంది. మంచికా చెడుకా అని అడిగాను. మంచికేనేమో, ఇంకా తెలవదండి, కొత్త కోడలు కదా అంది.

కాలవలోకి పడే నీటిని కొలిచారు. ఎనిమిదో వంతుకు కొంచెం పైనే పెరిగింది. పెద్దిరాజు గారు అందరికీ తాటిబెల్లం పంచారు. దిగువ వీధిలో ఊరే ఉప్పు నీటి మట్టం కొలిచే కడ్డీ మీద రెండు గీతలు దిగితే అక్కడ నారు పోసుకోవచ్చు. నూకరత్నం ఇల్లూ ఆ వీధిలోనే. కూతురు గట్టు లోపలి బడిలో ఏడో తరగతి చదువుతోంది.

197వ రోజు

నూకరత్నం ఆఫీసుకు వచ్చింది. పంపు నడిపేవాళ్ళు ఇక్కడికి రారు, పంపు పుస్తకంలో రాస్తారు. ఆమెకు రాయడం అంతగా రాదు. చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడింది.

ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళుండే పై తొట్టిలో రోజూ రెండు చెంబులు ఎక్కువ పొయ్యాల్సి వస్తోందట. కింద ఎక్కడా తడి లేదట. పొద్దున్నపూట పొగ తెల్లగా వస్తోందట.

ఈ నెలలో మంచు కదా, పొగ తెల్లగానే ఉంటుంది అన్నాను. తొట్టి మూత వదులైతే నీళ్ళు ఆవిరైపోతాయి, బిగించి చూడమన్నాను.

“ఆవిరైతే మూత కింద చెమట పట్టాలి కదండీ. పట్టట్లేదు. నీళ్ళు లోపలికే పోతన్నాయండి.”

“లోపలికి దారి లేదు, నూకరత్నం. గోడ ఉంది.”

ఆమె కాసేపు నా తెర వైపు చూసింది. తెర మీద నా పోర్టు నీలంగా, నున్నగా, గాల్లో తేలుతూ ఉంది. గోడ ఎక్కడుందని అడగలేదు. అలాగేనండి అని వెళ్ళిపోయింది.

నేను మంచి మనిషినే అనుకుంటాను. ఆమెను కూర్చోమనలేదని ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

206వ రోజు

పొద్దున పదకొండు గంటలప్పుడు ఊరు ఒక్కసారి నెమ్మదించింది. తొమ్మిది పంపుల చప్పుడు మధ్య బతికేవాళ్ళకు అందులో ఒకటి ఆగితే చెవిలో గంట కొట్టినట్టు ఉంటుంది. వీధుల్లో అందరూ నిలబడిపోయి వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఆరోది.

నేను వెళ్ళేసరికి ఇంజిన్ బిగుసుకుపోయి ఆగి ఉంది. పై తొట్టి ఖాళీగా ఉంది. నూకరత్నం రెండు చేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. వేడి ఇంజిన్ మీద నీళ్ళు పొయ్యబోయిందట.

సాయంత్రంలోగా దిగువ వీధిలో ఉప్పు నీళ్ళు పైకి ఊరాయి. మొలకెత్తి వారమైన నారుమళ్ళు. రేపటికి పసుపు, ఎల్లుండికి గడ్డి. ఈ ఏడు ఆ వీధి ఇరవై రెండు ఇళ్ళకీ పంట లేదు. అందులో నూకరత్నం మడీ ఉంది. అది మాత్రం ఎవరూ అనలేదు.

207వ రోజు

హెడ్ విప్పారు. పోర్టు మెడ లోపల వెంట్రుకంత పగులు.

పెద్దిరాజు గారు చూడగానే తేల్చేశారు. నీళ్ళు లేకుండా నడిపింది, హెడ్ కాలింది, పగిలింది. నిన్న పొద్దున సూర్యుడు రాకముందే తొట్టి నిండా తన చేత్తో పోశానని నూకరత్నం చెప్పింది. పోసిన నీళ్ళు కింద తడి లేకుండా ఎక్కడికి పోతాయని ఆయన అడిగారు. లోపలికి దారి లేదని పది రోజుల కిందట నేను అన్నదీ అదే. నా గొంతులో పుట్టిన మాట ఆయన నోట్లోంచి వింటే ఎంత తెలివితక్కువగా ఉందో తెలిసింది.

సంఘం నియమం అందరికీ తెలుసు. నిర్లక్ష్యంతో ఉప్పును లోపలికి తెచ్చినవారికి గట్టు లోపల ఉండటానికిచ్చే చీటీ రద్దవుతుంది. ఇంటిల్లిపాదీ గట్టు బయటి పడవల్లోకి పోవాలి. పడవ పిల్లలకు లోపలి బడి ఉండదు. విచారణ 211వ రోజున.

ప్రశ్న ఒక్కటే. నీళ్ళు పోయాక పగిలిందా, పగిలాక నీళ్ళు పోయాయా? మొదటిదైతే తప్పు ఆమెది. రెండోదైతే నాది, సుభానీది. పగులు ఆ వెంట్రుకంత గీతే. ఏది ముందో దానిని చూస్తే తెలియదు.

హెడ్ కోసి గోడ కొలిస్తే కొంత తెలుస్తుంది. కానీ ఇక్కడ ఇనుము కొయ్యరు. రంపం పొడి కింద పోయే ఇనుము కూడా వృథాయే. విరిగినదేదైనా మూడు రోజుల్లో తిరిగి కొలిమిలోకి వెళ్ళాలి.

208వ రోజు

పోత పోసే ఆచారి దగ్గరికి వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, కనుబొమల వెంట్రుకలు కొలిమిలో ఎప్పుడో కాలిపోయాయి. హెడ్ కొయ్యాలన్నాను. ఎవరు చెప్పారన్నాడు. ఎవరూ చెప్పలేదన్నాను. చేతి రంపం తీశాడు. పొడి రాలకుండా కింద గుడ్డ పరిచాడు. రెండు గంటలు పట్టింది. సగంలో నేను పట్టుకున్నాను, నా రంపం వంకర పోతుంటే తిట్టాడు.

కోసిన ముఖం ఆకురాయితో రుద్ది వెలుతుర్లోకి తిప్పాడు. ఒక పక్క నా ఖాళీ, ఒక పక్క సుభానీ ఖాళీ. పదహారేళ్ళలో మొదటిసారి నేను గోడను చూశాను. పగులు దగ్గర అది ఒకటిన్నర మిల్లీమీటర్లు. కోడిగుడ్డు పెంకు అంత అని రాయబోయి ఆగాను, పెంకు ఇంకా పలచన. ఇప్పుడు కూడా సరిగ్గా ఉండాలనే తాపత్రయం.

“నేను పోసిందాంట్లో లోపం లేదు తల్లీ. మీరిచ్చిన ఖాళీలకి ఇంతే మిగిలింది,” అన్నాడు ఆచారి. ముక్కను గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. మిగతాది కొలిమిలో వేశాడు.

209వ రోజు

సుభానీకి ముక్క చూపించాను. నీళ్ళ దారి అక్కడ రెండు మిల్లీమీటర్లు పెంచానని ఇప్పుడు చెప్పాడు. నేను ఒకటిన్నర. అయిదులోంచి మూడున్నర తీస్తే ఒకటిన్నర. ఇద్దరం మంచి చెయ్యబోయాం. అతను చల్లదనానికి, నేను గాలికి.

నా పేరు నీ పుస్తకంలో ఉందా అక్కా అని అడిగాడు. ఉంది అన్నాను. అతని పుస్తకంలో ఆ రెండు మిల్లీమీటర్లు ఉన్నాయా అని అడిగాను. లేవట, కొంచెం వెడల్పు అని రాశాడట. ఫైలు తేదీ చూస్తే ఏప్రిల్ రెండు. పాతదీ అదే తేదీ, కొత్తదీ అదే తేదీ.

మధ్యాహ్నం పెద్దిరాజు గారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముక్కను చాలాసేపు చూశారు. ఆయన దుర్మార్గుడు కాదు, అది రాయకపోతే ఈ పుస్తకం అబద్ధమవుతుంది. ఈ హెడ్లే ఇంకా మూడు పంపుల మీద ఉన్నాయి. అవి ఆపితే మొత్తం నాలుగు పంపులు ఆగినట్టు. రోజుకు జానెడు చొప్పున నీళ్ళు పెరుగుతాయి. ఆపకుండా, ఎవరికీ చెప్పకుండా, భారం తగ్గించి నడుపుదాం, ఈలోగా మీరు కొత్తవి గీయండి అన్నారు. విచారణ సంగతి ఏమిటని అడిగాను.

“పంపులే పగులుతున్నాయని తెలిస్తే సగం ఊరు రేపే పడవలెక్కుతుందమ్మా. మనిషి తప్పంటే ఊరు నిలబడుతుంది. ఇనుము తప్పంటే నిలబడదు.”

“ఆమె తప్పు కాదు కదండీ.”

“ఆ మాట మీరు ఖాయంగా చెప్పగలిగితే విచారణలో చెప్పండి. నేను ఆపను.”

ఆయన నన్ను పదహారేళ్ళుగా చూస్తున్నారు.

211వ రోజు

విచారణ బడి హాల్లో. అయిదుగురు సభ్యులు. అధ్యక్షురాలు ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్, మెల్లగా మాట్లాడతారు, అన్నీ వింటారు. నూకరత్నం ముందు వరుసలో, చేతులకు గుడ్డలు కట్టుకుని. పక్కనే కూతురు బడి బట్టల్లో. దిగువ వీధి వాళ్ళు గోడ పొడుగునా నిలబడ్డారు. సుభానీ వచ్చాడు, చివరి బెంచీలో కూర్చుని లేవలేదు.

నేను అన్నీ చెప్పాను. ముక్క బల్ల మీద పెట్టాను. గోడ ఎంత ఉండాలో, ఎంత ఉందో, ఎందుకుందో చెప్పాను. నా తప్పని చెప్పాను. 197వ రోజు రాసుకున్నది చదివి వినిపించాను. నీళ్ళు పోతున్నాయని ఆమె ముందే చెప్పిందనడానికి సాక్ష్యం అది అనుకున్నాను. నీళ్ళు పోతున్నాయని తెలిసీ నడిపిందన్నమాట అని ఒక సభ్యుడు పక్కవాడితో అన్నాడు. ఆపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మూత బిగించమని చెప్పింది నేనే అన్నాను. అది కూడా రాసుకున్నారు.

అప్పుడు అధ్యక్షురాలు అడిగారు. “గోడ పలచగా ఉంది, ఒప్పుకుంటున్నాం. అయినా నీళ్ళు నిండుగా ఉంటే ఆ గోడ పగిలేది కాదేమో. ముందు పగిలింది, తరవాతే నీళ్ళు పోయాయి అని మీరు ఖాయంగా చెప్పగలరా?”

అవును అంటే సరిపోయేది. ఒక్క మాట. నాకు అవునని తెలుసు. రెండు చెంబుల నీళ్ళు, తెల్ల పొగ, చెమట పట్టని మూత, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. కానీ కొలవనిదాన్ని ఖాయమనకూడదని విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళు నేర్చుకున్నాను, పదహారేళ్ళు ఆ నేర్పుతోనే బతికాను. 206వ రోజు పొద్దున ఆమె నీళ్ళు పొయ్యడం నేను చూడలేదు. ఆ ఒక్క రోజు మరిచిపోయి ఉండదా అని లోపల ఎవరో అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది.

“ముందు పగిలిందనే నా నమ్మకం. కానీ నూటికి నూరుపాళ్ళూ చెప్పలేను,” అన్నాను.

రాసే గుమాస్తా మొదటి వాక్యం వదిలేసి రెండోది రాసుకోవడం నేను నిలబడ్డ చోటు నుంచి కనిపించింది. పెద్దిరాజు గారు తల దించుకున్నారు. గెలిచిన మనిషి మొహంలా లేదది.

నూకరత్నాన్ని చివరగా ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. తొట్టి నిండా పోశానండి, ఇంకేం చెప్పనండి అంది.

చీటీ రద్దు. రెండు రోజుల గడువు. మా విభాగానికి ఒక హెచ్చరిక. పంపు నడపడం తెలిసినవాళ్ళు ఊళ్ళో నలభై మంది ఉన్నారు, మోడల్ గీసేవాళ్ళం ఇద్దరమే. ఈ లెక్క ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు.

213వ రోజు

గట్టు తూము దగ్గరికి వెళ్ళాను. ఒక ట్రంకు పెట్టె, రెండు చాపలు, గిన్నెల మూట. ఆమె అత్తగారు మూట మీద కూర్చుని ఉంది. కూతురు పుస్తకాల సంచీ భుజాన వేసుకునే ఉంది, ఎవరూ దించమనలేదు కాబోలు.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నేను అబద్ధం చెప్పలేదని, నాకు తెలిసినంత మేరకే చెప్పానని, తెలియనిది తెలుసనడం నా చేత కాలేదని. సగం చెప్పాను. ఆమె కట్టుగుడ్డల చేత్తో తాడు ముడి బిగిస్తూ విన్నది.

“మీకు తెలవదు, నిజమేనండి. నాకు తెలుసు కదా. ‘ఆవిడకి తెలుసు, ఆవిడ మాటే నా మాట’ అని మీరంటే సరిపోయేదండి.”

పదకొండేళ్ళు అరచెయ్యి ఆనించి ఇంజిన్ ఊపిరి విన్న మనిషి తెలుసు అంటే, అది నా కొలతల పట్టికలో ఏ గడిలోనూ పడలేదు. ఆమె చెప్పినదాన్ని నేను సమాచారం అనుకున్నాను, సాక్ష్యం అనుకోలేదు. గోడ లేనిచోట గోడ ఉందని ఖాయంగా చెప్పినప్పుడు మాత్రం నాకు ఏ అనుమానమూ రాలేదు.

228వ రోజు

కొత్త హెడ్ మోడల్ పూర్తి. ఈసారి ఏడు కోతలు గీశాం, మెడ దగ్గరే మూడు. గోడ ఎక్కడా నాలుగున్నరకు తగ్గలేదు. సుభానీ జోకులు వెయ్యడం మానేశాడు. కాగితాలు చాలవని ఎవరూ అనలేదు, ఎక్కడినుంచో కట్ట వచ్చింది.

240వ రోజు

తొమ్మిదో పంపు పగిలింది. అదే మెడ, అదే వెంట్రుక. భారం తగ్గించి నడిపినా ఆగలేదు. అదృష్టవశాత్తూ కొత్త హెడ్ సిద్ధంగా ఉంది, మూడు గంటల్లో మార్చారు. ఉప్పు లోపలికి రాలేదు.

తొమ్మిదో పంపు నడిపేది సత్యప్రసాదు, పెద్దిరాజు గారి తోడల్లుడు. తొట్టి ఖాళీగానే దొరికింది. ఎవరూ అతన్ని నీళ్ళు పోశావా అని అడగలేదు. సంఘం పుస్తకంలో పోత లోపం అని ఒక ముక్కలో రాశారు. ఆచారి అది విని మూడు రోజులు కొలిమి వెలిగించనన్నాడు, రెండో రోజుకే వెలిగించాడు.

నేను అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళాను. రెండో హెడ్ కూడా అక్కడే పగిలిందంటే మొదటిది కూడా అలాగే పగిలిందని అర్థం కదా, ఆరో పంపు విచారణ మళ్ళీ తెరవండి అన్నాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. తీర్పు పొందిన మనిషి సంతకం పెట్టి అర్జీ ఇస్తే తెరుస్తామన్నారు. మీరు కూడా ఈసారి గట్టిగా చెప్పాల్సి ఉంటుందన్నారు.

243వ రోజు

అర్జీ నేనే రాశాను. నాలుగు పేరాలు. ఎన్నిసార్లు దిద్దానో చెప్పను. తూము దాటి పడవల వైపు వెళ్ళడం ఇదే మొదటిసారి. ఇక్కడ సముద్రం గట్టు మీద నుంచి లోపలికి చూస్తున్నట్టు ఉంటుంది. మన ఇళ్ళ కప్పులు దాని కాళ్ళ దగ్గర ఉంటాయి. పంపుల చప్పుడు వినబడదు, అలల హోరే.

నూకరత్నం ఒక తలకిందుల పడవ పక్కన కూర్చుని పలకల సందుల్లో తారు నార దూరుస్తోంది. బొబ్బలు మానాయి, చర్మం గులాబీ రంగులో, బిగుసుకుపోయి ఉంది. అరచెయ్యి పూర్తిగా తెరుచుకోవడం లేదు. కూతురు కొంచెం దూరంలో వల విప్పుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, టీచరు వచ్చినట్టు. తరవాత ఎందుకు నిలబడ్డానా అన్నట్టు కూర్చుంది.

తొమ్మిదో పంపు సంగతి చెప్పాను. ఆమె పని ఆపలేదు. ఎవరి పంపు అని మాత్రం అడిగింది, చెప్పాను, ఆహా అంది. అర్జీ చదివి వినిపించాను. సంతకం పెడితే మళ్ళీ విచారణ జరుగుతుందని, నేను వచ్చి సాక్ష్యం చెబుతానని, చీటీ తిరిగి వస్తుందని, అమ్మాయి ఏడో తరగతి పరీక్షలకు ఇంకా టైముందని చెప్పాను. ఆమె కూతురి వైపు చూసింది. నార పక్కన పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది. పెన్ను ఇచ్చాను. తీసుకుంది.

“ఆళ్ళు మళ్ళీ అదే అడుగుతారండి. ఇప్పుడు చెప్తారా, నూటికి నూరుపాళ్ళూ అని?”

చెబుతానన్నాను. నిజంగానే అన్నాను. అనడానికి ముందు ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానో ఇక్కడ రాయాలి, ఈ పుస్తకం అందుకే కదా. రెండు హెడ్లు ఒకే చోట పగిలినంత మాత్రాన ఆ రోజు తొట్టి నిండుగా ఉందని రుజువవుతుందా అని ఆలోచించాను.

ఆ క్షణాన్ని ఆమె చూసింది. పెన్ను మూత పెట్టి, అర్జీని మడత చెడకుండా నా సంచీలో తనే పెట్టింది. మళ్ళీ నార తీసుకుని సందులో దూర్చసాగింది.